మిరపకాయ బజ్జీ: నాలుకకు తెలిసినది, తెలియనిది

సాయంకాలము అయిదు గంటలు దాటుసరికి గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల మలుపులలో బజ్జీల బండ్లు వచ్చి నిలుచును. నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాల, ఒంగోలు, ఏ పట్టణమునకు పోయినను ఇదే దృశ్యము కనబడును. పొయ్యిమీద వెడల్పయిన మూకుడు, అందులో కాగుచున్న నూనె, ప్రక్కన గిన్నెలో జారుగా కలిపిన శనగపిండి, పళ్ళెములో పొడవైన లేతాకుపచ్చని మిరపకాయలు. కాయను పిండిలో ముంచి నూనెలో వదలిన కొద్దిసేపటికి బంగారు రంగు బజ్జీ సిద్ధమగును. దానిని నిలువుగా చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మరసము పిండి చేతికిత్తురు.

తినువారిని గమనించినచో ఒక వింత కనబడును. మొదటి కాటుకు కన్నులు చెమర్చును. రెండవ కాటుకు ముక్కు కారును. నుదుట చెమట పట్టును. అయినను "ఇంకొక ప్లేటు" అని చేయి చాపుదురు. బాధ కలిగించు వస్తువునుండి తొలగిపోవుట ప్రాణులన్నిటికి సహజము. మరి ఈ బాధను మనుష్యుడు డబ్బిచ్చి కొనుక్కొనుటకు కారణమేమి?

ప్రశ్న చిన్నదిగా తోచినను దీని సమాధానము కొరకు శాస్త్రజ్ఞులు దాదాపు రెండు శతాబ్దములు శ్రమించిరి. ఆ దారిన పోయినచో ఇంకొక ముఖ్యమైన సంగతియు బయటపడును. బజ్జీలో నాలుక భయపడు వస్తువు ఒకటి. నిజముగా భయపడవలసిన వస్తువు వేరొకటి.

మిరప వచ్చిన దారి

మిరప మన దేశపు మొక్క కాదు. దీని పుట్టినిల్లు అమెరికా ఖండము. పదునారవ శతాబ్దములో పోర్చుగీసు వర్తకుల ఓడలలో ఇది భారతదేశమునకు చేరినది. అంతకుముందు మన వంటలకు ఘాటు నిచ్చినవి మిరియములు, పిప్పళ్ళు, అల్లము మొదలయినవి. మిరియము, మిరపకాయ అను రెండు పేర్లలోని పోలిక గమనింపదగినది.

పరదేశమునుండి వచ్చిన ఈ మొక్క గుంటూరు, ప్రకాశం జిల్లాల నేలలలో పత్తికి తోడుగా స్థిరపడినది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడినను పంట మారలేదు. కోతల కాలమున కల్లములలో ఎండబోసిన కాయలతో నేల ఎఱ్ఱని తివాచీ పరచినట్లుండును. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోని అతి పెద్ద మిరప మార్కెట్లలో నొకటి. ఆ మార్కెట్టులోనికి పోయినవారికి కాయ కొరకకుండగనే దగ్గు వచ్చును. 'గుంటూరు సన్నము' అను రకమునకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. గుంటూరు సమీపమున లాం గ్రామమందలి పరిశోధన కేంద్రము అనేక మిరప వంగడములను రైతులకు అందించినది.

బజ్జీలకు వాడు కాయ ఎండబెట్టి కారము కొట్టుకొను సన్నకాయ కాదు. అది కండ ఎక్కువగను, ఘాటు తక్కువగను గల కూరగాయ జాతి. అయినను అప్పుడప్పుడు ఒక కాయ అదరగొట్టును. ఒకే చెట్టు కాయలలో కూడ కారము హెచ్చుతగ్గులుగా నుండుటయే అందుకు కారణము.

కారము రుచి కాదు

మన పెద్దలు షడ్రుచులలో కారమును చేర్చిరి. నేటి శరీరధర్మ శాస్త్రము తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అను అయిదింటినే మూల రుచులుగా లెక్కించుచున్నది. 'ఉమామి' అనగా పుట్టగొడుగులు, మాంసరసము మొదలయిన వానిలో తెలియు కమ్మదనము. ఈ అయిదును నాలుకమీది రుచిమొగ్గల ద్వారా తెలియును. కారము ఆ దారిన రాదు. ఇందుకు సులభమైన నిదర్శన మున్నది. మిరపకాయలు తరిగిన చేతితో కన్ను నలుపుకొన్నచో కన్ను భగ్గుమనును. కంటికి రుచిమొగ్గలు లేవుగదా!

కాయలోని ఈ ఘాటును విడదీయుటకు 1816లో బుకోల్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మొదట ప్రయత్నించెను. 1876లో థ్రెష్ అను ఆంగ్లేయుడు దానిని ఇంచుమించు శుద్ధరూపమున రాబట్టి 'కాప్సెయిసిన్' అని పేరు పెట్టెను. 1919లో అమెరికనుడైన నెల్సన్ దాని అణునిర్మాణమును తెలిపెను. ఒక్కొక్క అణువులో 18 కర్బన పరమాణువులు, 27 ఉదజని పరమాణువులు, 3 ఆమ్లజని పరమాణువులు, ఒక నత్రజని పరమాణువు ఉండును.

కారమంతయు గింజలలో నున్నదని చాలమంది తలంతురు. ఇది పొరపాటు. కాప్సెయిసిన్ తయారగునది గింజలు అంటుకొనియుండు తెల్లని పొరలో. గింజలకు అంటినది ఆ పొరనుండి వచ్చినదే. బజ్జీలు వేయువారు కాయను చీల్చి లోపలి తెల్లని ఈనెను గీసివేసి, ఆ చోట వాము, ఉప్పు, చింతపండు కలిపిన ముద్దను పెట్టుదురు. రసాయన శాస్త్రము చదువకపోయినను వారు చేయుచున్నది కాప్సెయిసిన్‌ను తగ్గించుటయే.

కారమును కొలుచుటకు 1912లో విల్బర్ స్కోవిల్ అను అమెరికను ఔషధ శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతి కనిపెట్టెను. మిరప సారమును చక్కెర నీటితో పలుచన చేయుచు, రుచి చూచువారికి మంట తెలియకుండ పోవువరకు ఎన్నిరెట్లు పలుచన చేయవలసివచ్చెనో ఆ సంఖ్యను కారమునకు కొలతగా నిర్ణయించెను. గుంటూరు సన్నమునకు ఈ కొలతలో సుమారు 35,000 నుండి 40,000 వరకు చెప్పుదురు. నేడు నాలుకలకు బదులు యంత్రములే కాప్సెయిసిన్ పరిమాణమును తిన్నగా కొలుచుచున్నవి.

మెదడు మోసపోవు విధము

కాప్సెయిసిన్ తగిలినప్పుడు నోటిలో నేమి జరుగును? ఈ చిక్కును 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు విడదీసిరి. నాడుల కొనలయందు ఒక ప్రొటీను ఉన్నది. దానిని తలుపువంటిదని భావింపవచ్చును. సుమారు 43 సెంటిగ్రేడు డిగ్రీలు మించిన వేడి తగిలినప్పుడు ఆ తలుపు తెరచుకొనును. అప్పుడు కాల్షియము మొదలయిన అయానులు లోనికి ప్రవేశించి, "కాలుచున్నది" అను వార్త నాడి గుండ మెదడునకు చేరును. కాప్సెయిసిన్ అణువు వేడి లేకుండగనే అదే తలుపును తెరచును. దొంగ తాళపుచెవితో తలుపు తీసినట్లన్నమాట. వార్త వచ్చినది సరియైన నాడినుండియే కనుక మెదడు దానిని నమ్మును. నోరు నిజముగా కాలుచున్నదని తలచి, శరీరమును చల్లబరచుటకు చెమట పట్టించును. కంటినీరు, ముక్కునీరు, లాలాజలము ఊరించి దోషమును కడిగివేయ జూచును. ఈ విధముగా వేడిని, స్పర్శను గుర్తించు గ్రాహకములను కనుగొన్నందుకు జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అను శాస్త్రజ్ఞులకు 2021లో నోబెల్ బహుమానము లభించినది.

కాప్సెయిసిన్ తగిలిన తలుపు మామూలుకంటె తక్కువ వేడికే తెరచుకొనును. బజ్జీ తిన్న వెంటనే వేడి టీ త్రాగినచో మంట రెట్టింపగుటకు కారణ మిదియే. గ్లాసెడు నీరు త్రాగినను ప్రయోజనము స్వల్పము. కాప్సెయిసిన్ నీటిలో కరుగుట బహు తక్కువ; క్రొవ్వులలో బాగుగా కరుగును. పాలలోని కేసీను అను ప్రొటీను కూడ దానిని పట్టుకొని నాలుకమీదినుండి తొలగించును. ఆవకాయ అన్నములో నేయి వేసికొనుటయు, భోజనము చివర పెరుగన్నము తినుటయు తెలుగువారి అలవాటు. ఈ అలవాటులో చక్కని రసాయన శాస్త్రము ఇమిడియున్నది.

చిలుకకు లేని మంట

మిరప చేలమీద చిలుకలు వ్రాలి పండుకాయలను కొరికి తినును. వానికి కన్నీరు రాదు. పక్షుల నాడులలోను అట్టి తలుపే యున్నది గాని కాప్సెయిసిన్ అను దొంగ తాళపుచెవి దానికి పట్టదు. ఈ సంగతి 2002లో తేలినది. అంతకు ముందటి సంవత్సరము అమెరికాలోని అరిజోనా ప్రాంతమున అడవి మిరపపై జరిగిన పరిశోధనలో, పక్షుల కడుపునుండి బయటపడిన గింజలు చక్కగా మొలకెత్తినవి. ఎలుక జాతి జంతువులు తిన్న గింజలు మొలకెత్తలేదు. కావున మిరప మొక్క తన గింజలను నమిలి పాడుచేయు జంతువులను తరుముటకును, దూరముగా చల్లు పక్షులను చేరదీయుటకును ఈ ఘాటు ఉపయోగపడుచున్నది. ఎవరిని తరుముటకు ఈ మంట ఏర్పడినదో ఆ క్షీరదములలో ఒకడైన మనుష్యుడు దానినే కోరి తినుచున్నాడు.

ఏడ్చుచు తినుట యేల?

ఈ కోరిక పుట్టుకతో వచ్చునది కాదు. పసిబిడ్డ నాలుకకు కారము తగిలినచో గుక్కపట్టి ఏడ్చును. తెలుగు ఇండ్లలో మొదట పప్పన్నము, నేయి పెట్టి, కొన్ని సంవత్సరములలో నెమ్మదిగా కారము అలవాటు చేయుదురు. పాల్ రోజిన్ అను అమెరికను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మెక్సికో గ్రామములలో ఈ విషయమును పరిశీలించి, 1980లో తన పరిశోధనను ప్రకటించెను. అచ్చటి పిల్లలును ఇట్లే పెద్దలను చూచి క్రమక్రమముగా కారమును ఇష్టపడసాగిరి. ఆ ఊళ్ళలో కారము కలిసిన ఎంగిలి తిని పెరిగిన కుక్కలు, పందులు మాత్రము కారము లేని ముక్కనే ముందు ఏరుకొని తినెను.

రోజిన్ అభిప్రాయము ప్రకారము ఇది భయములోని వినోదము. కోటప్పకొండ తిరునాళ్ళలో పెద్ద రంగులరాట్న మెక్కినవారు పైకి లేచినప్పుడు కెవ్వున అరతురు. దిగిన వెంటనే మరల టిక్కెట్టు కొందురు. పడిపోవుచున్నామని శరీరము చెప్పును, పడిపోమని బుద్ధి చెప్పును. ఈ రెంటి నడుమ పుట్టునదే ఆ ఆనందము. బజ్జీ విషయమును ఇట్టిదే. నోరు కాలుచున్నదను వార్త వచ్చినను, నోటికి ఏమియు కాదని అనుభవము తెలుపును. నొప్పి నణచుటకు మెదడులో ఊరు ఎండార్ఫిన్లు కూడ ఈ సుఖమునకు తోడ్పడునని కొందరి ఊహ. అది ఇంకను స్థిరపడలేదు. కాప్సెయిసిన్ మాటిమాటికి తగులుచుండినచో నాడులు మొద్దుబారుననుట మాత్రము నిశ్చయము. అందుచేతనే దీనిని కీళ్ళనొప్పుల పైపూతలలో వాడుచున్నారు. నిన్నటి కారము నేడు చప్పగా తోచుటకును ఇది యొక కారణము.

కడుపులో పుండ్లకు కారమే మూలమను నమ్మకము కూడ బలముగా నున్నది. వాని ప్రధాన కారణములు హెలికోబాక్టర్ పైలోరీ అను బాక్టీరియా, కొన్ని నొప్పి మాత్రలు అని తేలినది. ఆ బాక్టీరియాను గుర్తించిన మార్షల్, వారెన్ అను శాస్త్రజ్ఞులు 2005లో నోబెల్ బహుమానము పొందిరి. పుండు ఉన్నవారికి కారము బాధను పెంచవచ్చును. ఆరోగ్యవంతునికి మితముగా తిన్న కారము శత్రువు కాదు.

మూకుడులో జరుగునది

నాలుక ఇంత గొడవ చేయు మిరపకాయను విడిచి ఇప్పుడు నూనెవైపు చూడవలెను. బజ్జీ చక్కగా వేగుటకు నూనె 170 నుండి 180 డిగ్రీల వేడిమీద నుండవలెను. బండివద్ద థర్మామీటరు ఉండదు. ఒక పిండిచుక్కను నూనెలో వేయుదురు. చుక్క మునిగి వెంటనే బుసబుస పొంగుచు తేలినచో నూనె కాగినట్లు. అడుగుననే నిలిచినచో కాగనట్లు.

పిండిలోని నీరు 100 డిగ్రీలవద్ద ఆవిరియై బుడగలుగా వెలువడును. ఆవిరి బయటకు తోసికొని వచ్చుచున్నంతసేపు నూనె లోపలికి అంతగా చొరబడజాలదు. పిండిలో కలిపిన వంటసోడా బొగ్గుపులుసు వాయువును విడిచి పిండిని గుల్లపరచును. పైపొర ఎండి వేడెక్కినప్పుడు పిండిలోని ప్రొటీనులు, చక్కెరలు కలిసి బంగారు రంగును, కమ్మని వాసనను పుట్టించును. ఈ చర్యను వర్ణించినవాడు మెయిలార్డ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. స్కోవిల్ కారమును కొలిచిన 1912వ సంవత్సరమే దీనికిని జన్మ సంవత్సరము.

బజ్జీ నూనెను ఎక్కువగా పీల్చునది వేగునప్పుడు కాదు; బయటకు తీసిన తరువాత. చల్లారుచున్న కొలది లోపలి ఆవిరి నీరై పీడనము తగ్గును. అప్పుడు పైన అంటుకొన్న నూనె సూక్ష్మరంధ్రముల గుండ లోపలికి లాగబడును. కాబట్టి చిల్లుల గరిటెతో తీసిన వెంటనే మూకుడు మీదనే పట్టి బాగుగా వాడ్చుట మంచిపద్ధతి.

నాలుకకు తెలియనిది

ఒకే నూనెను గంటలతరబడి, దినములతరబడి కాచినచో మూడు మార్పులు జరుగును. పిండిలోని నీటివలన నూనె అణువులు విడిపోయి క్రొవ్వు ఆమ్లములు ఏర్పడును. గాలిలోని ఆమ్లజనితో కలిసి హానికరములగు ఆల్డిహైడులు మొదలయినవి పుట్టును. విరిగిన అణువులు ఒకదానితో నొకటి అతుకుకొని నూనెను జిగురుగా మార్చును. నూనె నల్లబడుట, చిక్కబడుట, నురుగు నిలుచుట, తక్కువ వేడికే పొగ లేచుట, ఇవి ఆ మార్పులకు గుర్తులు. ఇట్టి నూనెను నిత్యము తినుట గుండెకును, రక్తనాళములకును మంచిది కాదు.

విచిత్రమేమనగా, నిరపాయమైన కాప్సెయిసిన్‌కు గగ్గోలుపెట్టు నాలుక ఈ నూనె విషయమున సాధారణముగా మౌనము వహించును. ఉల్లిపాయ ఘాటు, నిమ్మ పులుపు, వాము వాసన, వీనికి మించి మిరప మంట నూనె ముక్కవాసనను కప్పివేయును. కారము ఎంత ఎక్కువైన అంతగా ఈ లోపము మరుగుపడును.

చెడిన నూనెలో పేరుకొను పదార్థములను 'ధ్రువీయ పదార్థములు' అందురు. ఇవి మొత్తము నూనెలో నూటికి 25 వంతులు మించరాదని భారత ఆహార భద్రత, ప్రమాణముల సంస్థ నియమము చేసినది. ఇది 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. అదే సంవత్సరము ఆగస్టులో, వాడిన నూనెను సేకరించి బయోడీజెలుగా మార్చు పథకమును కూడ ఆ సంస్థ ప్రారంభించినది. మిగిలిన పాతనూనెలో కొంత క్రొత్తనూనె పోసినంత మాత్రమున అది బాగుపడదు. పాతనూనెలోని దోషములు క్రొత్తదానిని కూడ త్వరగా చెరచును.

ఇందులో బండి నడుపువారిని నిందించుట న్యాయము కాదు. నూనె వెల పెరుగును. బజ్జీ ధర పెంచినచో కొనువారు ప్రక్క బండికి పోదురు. మిగిలిన నూనెను పారబోయుటకు చేయి రాదు. పైగా ఆ పొగను ప్రతి సాయంకాలము మొదట పీల్చునది వారే. అధికమైన వేడిమీద వేపుడు చేయునప్పుడు లేచు పొగలను, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 'బహుశః క్యాన్సరు కలిగించునవి' అను తరగతిలో చేర్చినది. నూనె పాడైనచో తినువానికంటె ముందు నష్టపోవువాడు వేపువాడే. చిన్న మూకుడులో తక్కువ నూనె పోయుట, మాడిన పిండిపలుకులను ఎప్పటికప్పుడు తీసివేయుట, బేరము లేనప్పుడు మంట తగ్గించుట, చల్లారిన నూనెను వడకట్టి మూత పెట్టుట, రంగు మారినదానిని వేపుడునకు మరల వాడకుండుట, ఇవి పెద్ద ఖర్చు లేని జాగ్రత్తలు.

ఈ ప్రాంతమునకే చెందిన ఇంకొక ఉదాహరణము పత్తిగింజల నూనె. పత్తిగింజలో గాసిపాల్ అను విషపదార్థ మున్నది. శుద్ధి చేయునప్పుడు దానిని తొలగింతురు కనుకనే ఆ నూనె వంటకు పనికివచ్చుచున్నది. కంటికి కనబడని దోషమును కనిపెట్టి తొలగించుట శాస్త్రము చేయు పని; దానిని నాలుకకు వదలిపెట్టరాదు. వార్తాపత్రిక కాగితములో వేడి బజ్జీలు చుట్టియిచ్చు అలవాటును ఇట్లే చూడవలెను. నూనె తగిలిన అచ్చుసిరా ఆహారములోనికి దిగును. ఆహార భద్రతా సంస్థ దీనికి వ్యతిరేకముగా 2016లో హెచ్చరిక చేసినది. విస్తరాకు ముక్క ఇంతకంటె ఎంతో మేలు.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయులు ఈ విషయములను విద్యార్థులచేత స్వయముగా పరీక్షింపజేయవచ్చును.

మొదటిది: విద్యార్థి నోటిలో థర్మామీటరు నుంచి వేడిని గుర్తింపవలెను. తరువాత పిప్పరమెంటు బిళ్ళను చప్పరించి, కొన్ని నిమిషములు ఆగి మరల కొలువవలెను. నోరు చల్లగా తోచినను పాదరసము తగ్గదు. మిరప వేడి తలుపును తెరచినట్లే పిప్పరమెంటులోని మెంథాల్ చలిని తెలుపు తలుపును తెరచును. కారమునకు బదులు దీనితో అదే సూత్రమును బాధ లేకుండ చూపవచ్చును.

రెండవది: ఒకే వాయిలో వేగిన రెండు బజ్జీలలో ఒకదానిని బాగుగా వాడ్చి, రెండవదానిని వాడ్చకుండ, అద్దుడుకాగితములపై నుంచవలెను. నూనె మరకల వైశాల్యమును గళ్ళ కాగితముతో కొలిచి పోల్చవచ్చును.

మూడవది: క్రొత్తనూనెను, పలుమార్లు కాచి చల్లార్చిన నూనెను వేరువేరుగా ఒకే బ్యూరెట్టులో పోసి, సమానమైన పరిమాణము దిగుటకు పట్టు కాలమును గడియారముతో గుర్తింపవలెను. పాతనూనె దిగుటకు ఎక్కువసేపు పట్టును. నాలుక చెప్పని సంగతిని గడియారము చెప్పును.

మిరపకాయ బజ్జీ తినవద్దని శాస్త్రము చెప్పదు. ఈ నేలలో పండిన కాయ, ఈ ఊరి చేతివాటము, సాయంకాలపు స్నేహితుల గుంపు, వీనితో కూడిన ఆ సుఖము చౌకయైనను చిన్నది కాదు. బండివద్దకు పోయిన విద్యార్థి బజ్జీ కొరుకుటకు ముందు మూకుడులోనికి ఒకసారి తొంగిచూచినచో చాలును. నూనె అడుగు కనబడుచున్నచో నిర్భయముగా కూర్చుండి, కన్నీరు తుడుచుకొనుచు, రెండవ బజ్జీకి చేయి చాపవచ్చును.